స్వరలిపి కెక్కిన శోకము: డబ్ల్యు. సి. హాండీ చరిత్రము

ఒక జాతి తన కష్టమును పాటగా పాడుకొనుట యొక సంగతి. ఆ పాట కాగితముపై కెక్కి, అచ్చుపడి, వెల కట్టబడి, లోకమున విక్రయింపబడుట మరియొక సంగతి. మొదటి దానికి కర్త యుండడు, లేక అందఱును కర్తలే. రెండవ దానికి మాత్ర మొక పేరు, ఒక తేది, ఒక హక్కుపత్రము కావలసియుండును. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలలోను, రైలుకట్టలమీదను, నదీతీరములందలి రేవులలోను నల్లజాతి శ్రామికులు పాడుకొనుచుండిన ‘బ్లూస్’ అను విషాదగానము ఈ మొదటి స్థితినుండి రెండవ స్థితికి దాటినపుడు, దానిని చేయిపట్టి దాటించినవారిలో అగ్రగణ్యుడు విలియం క్రిస్టఫర్ హాండీ. లోకమతనికి ‘బ్లూస్ జనకు’డను బిరుద మొసగెను. ఆ బిరుదము సత్యమును కొంత మించినదే. కాని యతని జీవితమును ఆద్యంతము పరిశీలించినవారికి, ఆ బిరుదముకన్న అతడు నిజముగా చేసిన కార్యమే యెక్కువ విలువ గలదని తోచక మానదు.

హాండీ 1873 నవంబరు 16వ తేదీని అలబామా రాష్ట్రములోని ఫ్లోరెన్స్ పట్టణమున, తన తాత దుంగలు పేర్చి కట్టిన చిన్న యింటిలో జన్మించెను. దాస్యము శాసనరీత్యా రద్దయి యప్పటికి ఎనిమిదేండ్లు మాత్రమే గడచియుండెను. తాతయు తండ్రియు ఆఫ్రికన్ మెథడిస్టు సంఘమునకు చెందిన మతబోధకులు. ప్రార్థనామందిరమున పాడు కీర్తనలు దక్క తక్కిన సంగీతమెల్ల సైతాను సొమ్మని నమ్మిన కుటుంబమది. బాలుడైన హాండీ అడవిపండ్లును కాయలును ఏరి యమ్మి, సబ్బు కాచి యమ్మి, కాసుకు కాసు చేర్చి, ఎంతోకాలముగా అంగడిలో చూచి మనసు పడిన గిటారు నొకదానిని కొని యింటికి తెచ్చెను. తండ్రి దానిని చూచి, పాపిష్ఠి వస్తువును ఇంట నుంచరాదని గద్దించి, వెంటనే యంగడికి మరలింపజేసి, దానికి బదులుగా వెబ్‌స్టరు నిఘంటువును తెమ్మని యాజ్ఞాపించెను. కుమారునికి చర్చి సంగీతమునకు పనికివచ్చు ఆర్గను పాఠములు మాత్రము చెప్పించెను. ఆ తండ్రిని క్రూరుడనుట న్యాయము కాదు. నిన్నమొన్నటి దాస్యమునుండి తల యెత్తుకొనుచున్న జాతిలో, పుస్తకము గౌరవమునకును, గిటారు వీధి తిరుగుళ్లకును చిహ్నములుగా నుండిన కాలమది.

ఆ పట్టణమందలి నల్లజాతి పాఠశాలలో వాలెస్ అను ఉపాధ్యాయుడు, వాద్యమేదియు లేకుండ, కేవలము కంఠముతోనే, మన సరిగమలవంటి ‘దో రే మీ’ పద్ధతిని విద్యార్థులకు నేర్పుచుండెను. ఆయనకును వృత్తిగాయకులన్న చిన్నచూపే. అయినను ఆయన నేర్పిన విద్య హాండీ చెవిని ఎంత సూక్ష్మముగా మలచినదనగా, పక్షి కూసినను, నదిలో పడవ కూత వేసినను, పొలమున పశువు అరచినను, ఆ ధ్వని యే స్వరముపై నిలిచినదో అతడు చెప్పగలిగెడివాడు. ఇనుపకొలిమిలో పనివాండ్రు విరామవేళలందు పారలను నేలపై మోది యొకవిధమైన లయను పుట్టించుచుండగా, ఇది యేదో సంగీతమే గదా యని అతడు గమనించెను. ఇంటిలో చెప్పక కార్నెట్ వాద్యమును రహస్యముగా అభ్యసించెను. విన్నదానిని వ్రాయగలుగుట యనెడి యీ శక్తియే ముందుముందు అతని భాగ్యమునకు మూలమైనది. లక్షలకొలది జనులు విన్న పాటనే యతడును విన్నాడు గాని, వినినదానిని స్వరస్వరముగా కాగితమున నిలుపగల చదువు ఆ లక్షలలో మిక్కిలి కొలదిమందికే యుండెను.

1892లో అతడు బర్మింగ్‌హామునకు పోయి ఉపాధ్యాయ పరీక్షలో కృతార్థుడయ్యెను. కాని బడిపంతులు జీతముకన్న గొట్టముల కర్మాగారమున కూలియే యెక్కువ యగుటచే సమీపమందలి బెస్సెమర్‌లో కూలిపనిలో కుదిరెను. పిమ్మట మఱి కొందరితో గాయకబృందముగా ఏర్పడి, చికాగోలో జరుగనున్న ప్రపంచ ప్రదర్శనమునకు బయలుదేరెను. తీరా పోయి చూడగా ప్రదర్శనము మఱుసటి సంవత్సరమునకు వాయిదా పడియుండెను. బృందము సెయింట్ లూయీస్ నగరమున చెదరిపోయెను. అదే సమయమున దేశమంతట ఆర్థికమాంద్య మావరించియుండుటచే పని దొరకక, మిసిసిపి నదిగట్టున పఱచిన రాళ్లపై హాండీ రాత్రులు నిద్రించెను. ఆ నగరవీధులలో ఒక రాత్రి, తాగి తూలుచు, తనను విడిచిపోయిన భర్తను తలచుకొని యేడ్చుచు నడచుచున్న యొక స్త్రీ పలుకులు అతని చెవిని పడెను. ఇరువదేండ్ల తరువాత లోకమంతయు పాడిన పాటకు బీజమక్కడ పడినది.

కెంటకీ రాష్ట్రమందలి హెండర్సన్‌లో కొంతకాలముండి, అక్కడి ఎలిజబెత్ ప్రైస్‌ను తరువాత వివాహమాడిన హాండీ, 1896లో వారమునకు ఆరు డాలర్ల జీతముపై ‘మహారా మిన్‌స్ట్రల్స్’ అను ప్రదర్శక సంఘమున చేరెను. మిన్‌స్ట్రల్ ప్రదర్శనమనగా, తెల్లవారు ముఖమునకు మసి పూసికొని నల్లజాతివారి మాటను నడకను వెక్కిరించు వినోదముగా పుట్టినది. కాలక్రమమున నల్లజాతి కళాకారులకును రంగస్థలమెక్కుటకు దాదాపు అది యొక్కటియే ద్వారమైనది. అవమానమునకు పుట్టిన యీ వేదికనే వారు విద్యాలయముగా మార్చుకొనిరి. ఊరూర తిరుగుటలో ప్రాణభయమును లేకపోలేదు: టెక్సాస్‌లోని ఆరెంజ్ పట్టణముగుండ పోవునపుడు వారి రైలుపెట్టెపై వినోదమునకే తుపాకులు కాల్చెడివారట, ఆ పెట్టెలో ఆపద వేళ దాగుటకొక రహస్యపు అరయే యుండెడిది. ఈ సంఘముతోనే అతడు 1900లో క్యూబాకు పోయి, అచటి హబనేరా లయను విని మనసున నిలుపుకొనెను.

అదే సంవత్సరమున అలబామాలో హంట్స్‌విల్ సమీపమందలి నార్మల్ అను చోట, నల్లజాతివారికై నెలకొల్పిన వ్యవసాయ కళాశాలలో సంగీతోపాధ్యాయ పదవి లభించెను. అక్కడి పెద్దలకు ఐరోపా శాస్త్రీయ సంగీతమే సంగీతము. స్వజాతి వీధిపాటలన్న వారికి సిగ్గు. హాండీ దీనికొక చమత్కారమైన పరీక్ష పెట్టెను. ఆనాడు ప్రచారములోనున్న ‘మై రాగ్‌టైమ్ బేబీ’ అను రాగ్‌టైమ్ రచనకు, హైటీ దాస్యవిమోచన వీరుడైన తూసేన్ లూవెర్త్యూర్ పేర నివాళియని గంభీరమైన నామాంతరము పెట్టి, కచేరీ కార్యక్రమమున చేర్చి వాయింపించెను. సభ యంతయు మెచ్చుకొనెను, కళాశాలాధ్యక్షుడును తలయూపెను. పేరు మార్చినంతమాత్రమున గౌరవము మారినదన్న సత్యము హాండీ కప్పుడు బోధపడెను. ఆ యుద్యోగమున అతడు రెండేండ్లకు మించి నిలువలేదు.

1903లో మిషిగన్ రాష్ట్రమున ఒక తెల్లవారి వాద్యబృందమునకును, మిసిసిపి రాష్ట్రమందలి క్లార్క్స్‌డేల్‌లో నైట్స్ ఆఫ్ పిథియస్ అను నల్లజాతి సంఘపు వాద్యబృందమునకును నాయకత్వము వహింపుమని ఏకకాలమున అతనికి పిలుపు వచ్చెను. మొదటిది జీతమున, ప్రతిష్ఠలో మేలైనదైనను, రెండవదానినే యతడు వరించెను. ఈ నిర్ణయమే లేకున్న అతని చరిత్రము మనము వ్రాసికొనదగినది కాకపోయెడిదేమో! మిసిసిపి డెల్టా యనెడి ఆ సారవంతమైన ప్రత్తినేలలో, దాస్యము పోయినను పాలికాపుల ఋణదాస్యము పోలేదు. పగలెల్ల యితరుల చేలలో వంగి పనిచేసి, రాత్రి గిటారు తీగపై తమ గోడు వెళ్లబోసికొను జనుల మధ్య అతడు మూడేండ్లకు పైగా మెలగెను.

ఆ డెల్టాలోనే టట్‌వైలర్ అను చిన్న రైలుస్టేషనులో, తొమ్మిది గంటలు ఆలస్యమైన రైలుకై వేచి, కునుకుపాటున నుండిన హాండీకి ప్రక్కనే వింత నాదమొకటి వినవచ్చెను. బక్కపలుచని నల్లని మనిషి యొకడు, చినిగిన బట్టలతో, బొటనవ్రేళ్లు బయటపడిన పాదరక్షలతో కూర్చుండి, చాకు వెనుకవైపును గిటారు తీగలపై జార్చుచు వాయించుచుండెను. మూర్‌హెడ్ అను చోట రెండు రైలుమార్గములు ఒండొంటిని దాటు కూడలికి తాను పోవుచున్నాననుటయే యతని పాటలోని అర్థమంతయు. ఆ యొక్క మాటనే ముమ్మారు పాడి, ప్రతిమారును గిటారుతో బదులు పలికించుచుండెను. అంత విడ్డూరమైన సంగీతమును తానెన్నడును వినలేదని హాండీ తరువాత వ్రాసికొనెను.

మఱికొంత కాలమునకు అదే రాష్ట్రమందలి క్లీవ్‌లండ్ పట్టణమున ఒక నృత్యసభలో అతని బృందము వాయించుచుండగా, ఊరివారి వాద్యము కొంతసేపు వినిపింపవచ్చునా యని యెవరో చీటి పంపిరి. పాతబడిన గిటారు, మాండొలిన్, అరిగిన బాస్ వాద్యము పట్టుకొని ముగ్గురు పల్లెవాండ్రు వచ్చి, ఆది యంతము లేనట్లు తోచు ఒకే చిన్న స్వరబంధమును మఱల మఱల వాయింపసాగిరి. జనులు పరవశించి వారి పాదములచెంత వెండినాణెములు కురిపించిరి. ఆ రాత్రి మొత్తమునకు తన బృందమంతటికి ముట్టు పైకముకన్న ఆ ముగ్గురికి కొన్ని నిమిషములలో దొరకిన సొమ్మే యెక్కువయని హాండీ కంటితో చూచెను. జనుల పాటను చిన్నచూపు చూచుట యవివేకమను జ్ఞానము అతనికి సభ చప్పట్లవలనను, నాణెముల చప్పుడువలనను ఒక్కసారిగా కలిగినది. స్వరకర్తగా తన పుట్టుక ఆ రాత్రియే యని యతడు చెప్పుకొనెడివాడు.

తరువాత హాండీ టెనెస్సీ రాష్ట్రమందలి మెంఫిస్ నగరమున స్థిరపడెను. ఆ నగరమున బీల్ వీధి నల్లజాతివారికి అంగడియు, అంతఃపురమును, సభాస్థలమును. అందు లేని వ్యాపారము లేదు, వినరాని పాట లేదు. 1909లో నగరాధ్యక్ష పదవికి పోటీ చేయుచుండిన ఎడ్వర్డ్ క్రంప్ పక్షమున ప్రచారమునకై హాండీ యొక వరుసను కట్టెను. ఆ అభ్యర్థి నీతిసంస్కరణలను వాగ్దానము చేయుచుండగా, ఆయన యేమి చెప్పినను తాము మారబోమని వీధిజనులు ఆ వరుసపై తమ మాటలు పాడుకొనిరి. క్రంప్ గెలిచెను, పాట యంతకన్న గొప్పగా గెలిచెను. దీనినే 1912 సెప్టెంబరులో ‘మెంఫిస్ బ్లూస్’ అను పేరున హాండీ తన సొంత సొమ్ముతో వేయి ప్రతులు అచ్చొత్తించెను. బ్లూస్ అను పేరుతో అచ్చుపడిన మొట్టమొదటి రచన యిదియే యనుట సరికాదు; హార్ట్ వాండ్ వ్రాసిన ‘డల్లాస్ బ్లూస్’ ఆ సంవత్సరమే కొన్ని నెలలకు ముందు వెలువడియుండెను. కాని దేశమున నలుదిక్కుల వ్యాపించి, బ్లూస్ అను మాటను ఇంటింటి మాటగా చేసినది హాండీ రచనయే.

అయితే ఆ విజయఫల మతనికి దక్కలేదు. ప్రతులు అమ్ముడు పోవుటలేదని మధ్యవర్తులు చెప్పగా నమ్మి, ఏబది డాలర్లకు అతడు సర్వహక్కులను థెరన్ బెనెట్ అను ప్రకాశకునికి విక్రయించెను. ప్రతులు చక్కగా పోవుచునే యుండెనని తరువాత తెలిసికొనెను. వర్నన్, ఐరీన్ కాజిల్ దంపతుల వాద్యబృంద నాయకుడైన జేమ్స్ రీస్ యూరప్ ఈ రచనను వాయించుచుండగా ‘ఫాక్స్‌ట్రాట్’ నృత్యము రూపుదిద్దుకొన్నదని చెప్పుదురు. దేశము తన పాటకు నాట్యమాడుచుండగా, ఆ పాటవలన మఱొక్క కాసైనను చేతికి రాని స్థితిలో కర్త నిలిచెను. ఈ దెబ్బ హాండీని క్రుంగదీయలేదు, కన్ను తెరిపించెను. అట్లాంటాలో డుబాయిస్ పండితుని శిష్యుడును, మెంఫిస్‌లో బ్యాంకుద్యోగియునైన హ్యారీ పేస్‌తో కలిసి అతడు సొంత ప్రచురణసంస్థను స్థాపించెను. పాట వ్రాయువాడే పాటకు యజమానియై యుండవలెనను సంకల్పము దానికి పునాది.

ఆ సంస్థ పేర 1914 సెప్టెంబరులో వెలువడినదే ‘సెయింట్ లూయీస్ బ్లూస్’. కుటుంబ కోలాహలమునకు దూరముగా బీల్ వీధిలో ఒక గది అద్దెకు తీసికొని, వెనుకటి నదిగట్టు రాత్రులను, ఆ స్త్రీ విలాపమును స్మరించుకొనుచు హాండీ దీనిని కూర్చెను. దీని నిర్మాణకౌశలమును కొంచెము వివరింపవలసియున్నది. సామాన్యముగా బ్లూస్ చరణమున మూడు పాదములుండును: మొదటి పాదము, దాని పునరుక్తి, ఆ రెంటికి సమాధానమువంటి మూడవ పాదము. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి చొప్పున మొత్తము పండ్రెండు తాళఖండములు. పాదములో మాట సగమునకే ముగిసి, మిగిలిన సగము వాద్యమునకు విడువబడును; టట్‌వైలర్‌లో ఆ మనిషి గిటారు పలికిన బదులు ఇదియే. గాంధార నిషాదములు ఐరోపా సంగీతము నిర్ణయించిన స్థానములందు నిలువక, క్రిందికి జారును; మన పరిభాషలో చెప్పవలెనన్న గాంధారము అంతర గాంధారమునకును సాధారణ గాంధారమునకును నడుమ ఊగుచుండును. పియానో మెట్లలో దొరకని ఆ ఊగిసలాటను, కోమలస్వరమును తీవ్రస్వరముతో చేర్చి వ్రాయుటద్వారా హాండీ సూచించెను. అంతటితో తృప్తిపడక, పండ్రెండు ఖండముల చరణముల నడుమ పదునారు ఖండముల టాంగో భాగమును చొప్పించి, క్యూబాలో విన్న లయకు మిసిసిపి శోకముతో వియ్యము కలిపెను. ఆఫ్రికానుండి చెరపట్టి తేబడినవారి సంతతి రెండు తీరములందు వేర్వేరుగా పెంచుకొనిన సంపద యీ యొక్క పాటలో కలిసినది.

పాటకు వెంటనే ప్రసిద్ధి రాలేదు. క్రమక్రమముగా గాయనీగాయకులు దాని నందుకొనిరి. 1917లో హాండీ తన బృందముతో న్యూయార్కునకు పోయి కొలంబియా సంస్థకు రికార్డులిచ్చెను. మఱుసటి యేడు సంస్థను అక్కడికే తరలించి, బ్రాడ్వే వీధిలో గేయిటీ నాటకశాలా భవనమున కార్యాలయము తెరచెను. 1920లో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ రికార్డు విశేషముగా అమ్ముడుపోవుటతో, నల్లజాతి శ్రోతలును రికార్డులు కొందురని వ్యాపారులకు తెలిసివచ్చి, బ్లూస్ యుగము ప్రారంభమయ్యెను. 1925 జనవరి 14వ తేదీని బెస్సీ స్మిత్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ ప్రక్కవాద్యముగా, ఫ్రెడ్ లాంగ్‌షా హార్మోనియము శ్రుతిగా పాడిన ‘సెయింట్ లూయీస్ బ్లూస్’ ఆ పాటకు తలమానికమైన గానము. అందు గాయని పాదము ముగించినచోట కార్నెట్ అందుకొని బదులు పలుకుచుండును. రైలుస్టేషనులో గిటారు చేసిన పనినే యిక్కడ కార్నెట్ చేయుచున్నది. 1929లో ఆమెయే నాయికగా ఈ పాట పేర నొక చిన్న చలనచిత్రమును వెలువడెను.

ఈ కీర్తి పెరుగుచుండిన దినములలోనే హాండీని కష్టములు చుట్టుముట్టెను. 1921లో పేస్ విడిపోయి ‘బ్లాక్ స్వాన్’ రికార్డుల సంస్థను స్థాపించుకొనెను. ఫ్లెచర్ హెండర్సన్, విలియం గ్రాంట్ స్టిల్ వంటి సమర్థు లతని వెంట పోయిరి. సంస్థ ఋణములలో కూరుకొనెను. అంతకుమించి, హాండీకి నేత్రవ్యాధి సోకి కొంతకాలము చూపే పోయెను. అట్టి దశలో తమ్ముడు చార్లెస్‌తో కలిసి ‘హాండీ బ్రదర్స్’ అను పేర సంస్థను నిలబెట్టుకొనిన ధైర్యము, ఆ పాటలు వ్రాసిన ప్రతిభకంటె తక్కువది కాదు. చూపు కొంత తిరిగివచ్చిన పిదప 1926లో ‘బ్లూస్: ఏన్ ఆంథాలజీ’ అను సంకలనమును, ఏబ్ నైల్స్ పీఠికతో, మెక్సికో చిత్రకారుడు మిగేల్ కోవరూబియాస్ చిత్రములతో ప్రకటించెను. 1928 ఏప్రిల్ 27వ తేదీని న్యూయార్కునందలి కార్నెగీ సభాభవనమున, దాస్యకాలపు భక్తిగీతములు మొదలుకొని బ్లూస్, జాజ్ వఱకు నల్లజాతి సంగీతచరిత్రమును ఒకే సాయంకాలమున వినిపింపజేసెను, జేమ్స్ పి. జాన్సన్ రచించిన ‘యమక్రా’ అను కృతిని ఫాట్స్ వాలర్ పియానోపై తొలిసారి వినిపించినది ఆ సభలోనే. కళాశాల సభలో మాఱుపేరు పెట్టి వినిపింపవలసిన సంగీతము ఇరువదియైదేండ్లకు పైగా గడచిన పిదప తన పేరుతోనే మహాసభ నెక్కినది.

అతని బిరుదముపై వివాదమును రేగెను. 1938లో రేడియో ప్రసంగ మొకదానిలో జాజ్ బ్లూస్ సంగీతములకు హాండీయే ఆద్యుడని ప్రకటింపగా, న్యూ ఆర్లియన్స్ పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మోర్టన్ కోపించి, హాండీ యితరుల సొత్తును తనదని చెప్పుకొనుచున్నాడని ‘డౌన్‌బీట్’ పత్రికకు లేఖ వ్రాసెను. జాజ్‌ను సృజించినది తానేయని వాదించెను. ఈ వాదమున రెండు మాటలను వేరుపరచి చూడవలెను. బ్లూస్ ఏ యొక్కని సృష్టియు కాదు. దానిని పుట్టించినది చేలును, చెరసాలలును, రైలుకట్టలును. కాని హాండీ ఈ సంగతిని దాచినవాడు కాడు. 1941లో అచ్చయిన తన యాత్మకథలో ఆ రైలుస్టేషను గాయకుని, ఆ ముగ్గురు పల్లెవాద్యకారులను, సెయింట్ లూయీస్ వీధిలోని స్త్రీని స్వయముగా సాక్షులుగా నిలిపినవాడు అతడే. దొంగిలించువాడు సొత్తు వచ్చిన త్రోవను చెరిపివేయును. హాండీ ఆ త్రోవను లోకమునకు చూపెను.

1940లో ఇరువదియెనిమిదేండ్ల గడువు ముగిసి, ఏబది డాలర్లకు చేజారిన ‘మెంఫిస్ బ్లూస్’ హక్కులు మరల అతని చేతికి వచ్చెను. 1943లో భూగర్భ రైలుస్టేషను వేదికనుండి పడి తల పగిలి, చూపు పూర్తిగా కోల్పోయినను, మఱుసటి యేడే స్వజాతి మహనీయులను గూర్చిన గీతముల సంకలన మొకటి ప్రకటించెను. 1954లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అతని పాటలనే యేర్చి కూర్చి పాడిన రికార్డు సంపుటము వెలువడెను. 1958 మార్చి 28వ తేదీని న్యూయార్కున హాండీ కన్నుమూసెను. హార్లెంలోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చిలో జరిగిన అంత్యక్రియలకు ఇరువదియైదు వేలమంది వచ్చిరనియు, వెలుపల వీధులలో లక్షాయేబదివేలమంది బారులు తీరిరనియు నాటి లెక్క.

హాండీ జీవితమున మనము గౌరవింపవలసినవి రెండు. స్వజాతి విద్యావంతులే చిన్నబుచ్చిన పాటను చెవియొగ్గి విని, దాని స్వభావము చెడకుండ స్వరలిపిలో నిలుపుట యొకటి. ఆ పాటపై వచ్చు ఫలము పరులపాలు కాకుండ, నల్లజాతివారి చేతనే నడుపబడు సంస్థను, ఋణమున గాని అంధత్వమున గాని విడువక, జీవితాంతము కాపాడుట రెండవది. మొదటి గుణము గలవారు పెక్కుదేశములందు పుట్టిరి. రెండవదియు దానితో కూడియున్నవారు మిక్కిలి యరుదు. బ్లూస్‌కు అతడు జనకుడు కాడు. దానిని జనించినయింటికే వారసత్వముగా దక్కించిన ధర్మకర్త. ఆ పేరే అతనికి తగినది.